ఒక ముడి, రెండు ముడులు

మూడూ పది. నాలుగింటికి జీపు వస్తుందని ఇన్‌స్పెక్టర్ ముందే చెప్పేశాడు. అంటే నర్సు చేతులకు బేడీలు పడటానికి ఇంకా యాభై నిమిషాలున్నాయి.

"మీకు పావుగంట ఇస్తున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంటూ. "మీరెప్పుడూ అడిగేది అంతేగా!"

డిటెక్టివ్‌కి పావుగంట అన్న పేరు అలాగే వచ్చింది. ఎవరి తలుపు తట్టినా "ఒక్క పావుగంట మాట్లాడాలండీ" అంటూ లోపలికొస్తాడు, రెండు గంటలైనా కుర్చీ వదలడు. దాంతో లోకమంతటికీ అతను పావుగంట అయి కూర్చున్నాడు. ఈ పనిలోకి రాకముందు ఇరవై ఏళ్ళు ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తం చుక్కలు చూసుకుంటూ గడిపాడు. మనుషులు అబద్ధం చెప్పినా రక్తం చెప్పదని అతని నమ్మకం. ఇన్‌స్పెక్టర్‌కి అతనంటే ఒళ్ళుమంట. పోయినేడాది ఇన్‌స్పెక్టర్ పట్టుకొచ్చిన దొంగని పావుగంట పదిమంది ముందు నిర్దోషిగా నిలబెట్టాడు. ఆ అవమానం ఆ పెద్దమనిషికి ఇంకా అరగలేదు.

ఇప్పుడు వాళ్ళున్నది ఒక అద్దకం కార్ఖానాలో, స్టోర్‌కీపర్ గదిలో. నూలుకి రంగులేసే ఈ కార్ఖానాకి ఇవాళ వారపు సెలవు. పనివాళ్ళెవరూ లేరు. పొద్దున పదిన్నర దాటాక పెద్దమేస్త్రి తన మందుల గదిలో విషవాయువు పీల్చి చనిపోయాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఈ చుట్టుపక్కల రంగుల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. బల్లకు అవతల కూర్చున్న నర్సు ఆయన ఒక్కగానొక్క కూతురు. శవాన్ని మొదట చూసింది కూడా ఆమే.

పావుగంటని పిలిపించింది స్టోర్‌కీపర్. పోయినాయనకి బావమరిది, నర్సుకి మేనమామ. తలుపు దగ్గర నిలబడి కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఎంత తుడిచినా కళ్ళు ఆరడం లేదు.

"నా లెక్క తేలికే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మందుల గదిలో పద్నాలుగు డబ్బాలున్నాయి. అన్నీ ఒకే సైజు, ఒకే తెలుపు. ఆవిరికి కాగితాలు ఊడిపోయాయి కాబట్టి మూత చూసే గుర్తుపట్టాలి. ఎర్ర మూతవి యాసిడ్, ఆకుపచ్చ మూతవి బ్లీచింగ్ ద్రవం. రెండూ కలిస్తే ఊపిరాడదు. ముప్పై ఏళ్ళ నుంచి రంగుల్లో మునిగి తేలినాయన ఆకుపచ్చ మూతని ఎర్రదనుకుని యాసిడ్ తొట్టిలో ఒంపుతాడా? ఒంపడు. అందుకని మూతలు ఎవరో మార్చారు. ఆయన చచ్చాక ఎవరో వచ్చి మళ్ళీ సరిచేశారు. పది యాభైకి ఈవిడ లోపలికెళ్ళింది. పదకొండింటికి కేకేసింది. మధ్యలో పది నిమిషాలు లోపల ఈవిడొక్కతే. అయిపోయింది. ఇంకేం కావాలి?"

"ఆ పది నిమిషాలూ నాన్నని బయటికి లాగి గుండె మీద నొక్కుతున్నాను," అంది నర్సు. గొంతు బొంగురుపోయింది. ఆ గాలి ఆమె కూడా పీల్చింది. "ఇంకెవరైనా ఏం చేస్తారు?"

"వేరేవాళ్ళయితే ముందు కేకేస్తారు."

"నేను నర్సుని. కేకలు తర్వాత."

పావుగంట కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మా, తలుపు తెరిచేసరికి మీ నాన్నగారి పక్కన ఒక డబ్బా పడుంది కదా. మూత కూడా అక్కడే ఉందా?"

"ఉంది."

"ఏ రంగుది?"

ఆమె ఒక్క క్షణం ఆగింది. "ఎర్రది."

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద అరచేత్తో చరిచాడు. "విన్నారా? అక్కడున్నది ఆకుపచ్చ మూత! నేను కళ్ళారా చూశాను, ఫోటో కూడా తీయించాను. పొద్దున్నుంచీ నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ ఇదే మాట. మార్చిన మనిషి కాబట్టే మాట తడబడుతోంది."

పావుగంట ఆమె ముఖంలోకి చూశాడు. అబద్ధం దొరికిపోయిన మనిషి కంగారు పడుతుంది. ఈమె అవమానపడుతోంది. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

బల్ల చివర రెండు నూలు కండెలున్నాయి. ఒకటి ఇటుకరంగుది, ఇంకొకటి పాచిలాంటి ఆకుపచ్చది. పావుగంట ఏమీ ఎరగనట్టు చెయ్యి చాచాడు. "ఆ ఎర్ర కండె ఇలా అందిస్తావా?"

ఆమె చెయ్యి కండెల దాకా వెళ్ళి గాల్లో ఆగిపోయింది. ఇటు ఒకసారి, అటు ఒకసారి కదిలింది. ఆఖరికి ఆకుపచ్చ కండె తీసి అతని చేతిలో పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ నోరు వెళ్ళబెట్టాడు.

"చిన్నప్పట్నుంచీ అంతే," అంది ఆమె తలొంచుకుని. "ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకలాగే ఉంటాయి. నాన్నకొక్కడికే తెలుసు. ఎవ్వరికీ చెప్పొద్దన్నాడు. ఆస్పత్రిలో కూడా చెప్పలేదు. మాత్రలు రంగు చూసివ్వను, పేరు చదివే ఇస్తాను. పద్దెనిమిదేళ్ళలో ఒక్క తప్పు కూడా చెయ్యలేదండీ. ఆ మూత సంగతి అడిగినప్పుడు... యాసిడ్ డబ్బా కదా, ఎర్రదే అయ్యుంటుందని అనేశాను."

"తల్లీ, నాతో కూడా ఎప్పుడూ అనలేదే!" అన్నాడు మేనమామ.

"ఏమని చెప్పను మామయ్యా? రంగుల మేస్త్రి కూతురికి రంగులు తెలీవని చెప్పనా?"

పావుగంట లేచి నిలబడ్డాడు. ఆడపిల్లకి ఈ లోపం ఊరికే రాదు. వందలో ఏ ఒక్కరికో ఉంటుంది, అదీ లేదు. వచ్చిందంటే దానికో లెక్క ఉంది, ఆ లెక్క ల్యాబ్‌లో అతనికి కంఠతా వచ్చు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, మందుల గదికి పదండి. పెద్దమేస్త్రి మూతలు చూసి డబ్బా తీశాడని మీ కేసంతా కట్టారు. ఆయన జన్మలో మూతలు చూసి డబ్బా తీసుండడు."

*

మందుల గది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. ఒకటే తలుపు. ఆవిరికి ఉబ్బిపోయి రెండు చేతులతో లాగితే గాని ఊడిరాదు. గాలి బయటికి తోసే ఫ్యాను వారం నుంచి పనిచేయడం లేదు. వాసన చాలావరకు పోయినా కళ్ళు మాత్రం ఇంకా మండుతున్నాయి. మధ్యలో సిమెంటు తొట్టి, గోడవారగా వరసగా డబ్బాలు. తొట్టి పక్కన ఖాళీ అయిన యాసిడ్ డబ్బా ఒకటి నిలబెట్టి ఉంది, దాని మూత ఎర్రది. ఇంకో డబ్బా పక్కకి దొర్లి, సగం ఒలికి, మూత లేకుండా పడి ఉంది. దాని ఆకుపచ్చ మూత గోడ దగ్గర ఉంది.

"వాసన కూడా పట్టలేకపోయాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ముక్కు మూసుకుని.

"బావ ముక్కు చచ్చిపోయి పదేళ్ళయింది," అన్నాడు స్టోర్‌కీపర్. "ముప్పై ఏళ్ళు ఈ ఆవిర్లు పీలిస్తే ఎవరికైనా అంతే. ఇక్కడందరికీ తెలుసు."

"తలుపెందుకు మూసుకున్నాడు?"

"మందులు కలిపేటప్పుడు ఎప్పుడూ మూసుకునేవాడు. చేతి రహస్యం అనేవాడు. ఎవర్నీ రానిచ్చేవాడు కాదు."

పావుగంట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రతి డబ్బా పిడికీ ఒక నూలు దారం కట్టి ఉంది. ఒక్కో దారాన్నీ వేళ్ళతో తడుముతూ వరసంతా వెళ్ళాడు. తర్వాత కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటినుంచీ తడిమాడు.

"ఈ దారాలేమిటి?"

"సరుకు ఏ వారం వచ్చిందో గుర్తు అనేవాడు బావ. డబ్బా దిగగానే తనే కట్టుకునేవాడు."

"నిన్న దిగిన సరుకంతా ఒకటే వారం కదా. మరి కొన్నిటికి ఒక ముడి, కొన్నిటికి రెండు ముడులు ఎందుకున్నాయి? చూడండి. ఎర్ర మూత డబ్బాకి ఒక ముడి. ఆకుపచ్చ మూత డబ్బాకి రెండు. ఆయన కళ్ళతో చూసేవాడు కాదు, వేళ్ళతో చదివేవాడు. అందుకే తలుపు మూసుకునేవాడు. మేస్త్రిగారికి కూడా ఎరుపూ ఆకుపచ్చా ఒకటే."

స్టోర్‌కీపర్ గోడకి ఆనుకున్నాడు. "అందుకా! ప్రతి షేడూ ఇంటికి పట్టుకెళ్ళి మా అక్కకి చూపించేవాడు. ఇంటిదగ్గర వెలుతురు బావుంటుందనేవాడు. అక్క ఊఁ అన్నాకే ఖాయం చేసేవాడు. అక్క పోయిన ఈ రెండేళ్ళూ ఒక్క కొత్త షేడు కూడా తియ్యలేదు. ముసలితనం అనుకున్నాను గానీ..."

"ఊహించడానికేం, నేనూ ఊహిస్తా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పోయిన మనిషి కళ్ళు ఇప్పుడెవరు పరీక్షిస్తారు?"

"పరీక్ష అక్కర్లేదు. కూతురి కళ్ళే సాక్ష్యం." పావుగంట చేతులు దులుపుకుని లేచాడు. తనకిష్టమైన విషయం దొరికితే అతన్ని ఆపడం కష్టం. "ఈ రంగుల చూపు ఒక చీటీ మీద రాసుందనుకోండి. మగాడికి ఒకటే చీటీ ఉంటుంది, అది తల్లి ఇచ్చింది. ఆడదానికి రెండు, ఒకటి తల్లి ఇస్తుంది, ఒకటి తండ్రి ఇస్తాడు. రెండిట్లో ఒకటి బావున్నా ఆడదాని చూపుకి ఢోకా లేదు. రెండూ పాడైతేనే లోపం బయటపడుతుంది. తండ్రి దగ్గరున్నది ఒకటే చీటీ. కూతురికి పాడైన చీటీ ఇచ్చాడంటే ఆయనకున్నదే అది. కూతురికి లోపం ఉండి తండ్రికి లేకపోవడమన్నది కుదరదు."

తలుపు దగ్గర కానిస్టేబుల్ పక్కన నిలబడ్డ నర్సు కళ్ళెత్తింది. "నాన్నకి కూడానా?" అంది మెల్లగా. "నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నా రహస్యం దాచాడు గానీ తనది చెప్పలేదు."

"ఇంకో చీటీ మీ అమ్మగారిచ్చింది. ఆవిడకి ఒకటి మంచిది, ఒకటి పాడైంది. అందుకే ఆవిడ చూపు శుభ్రంగా ఉంది. కానీ దాచిపెట్టుకున్నది మీకు వచ్చింది."

"మా నాన్న!" అన్నాడు స్టోర్‌కీపర్ ఉలిక్కిపడి. "పండిన టమాటాలు కోసుకు రమ్మంటే బుట్టనిండా పచ్చికాయలు తెచ్చేవాడు. మా అమ్మ తిట్టిపోసేది. పరధ్యానం అనుకునేవాళ్ళం."

ఆ మాట విని పావుగంట చటుక్కున అతని వైపు తిరిగాడు. దొర్లిపడున్న డబ్బా దగ్గరికి వెళ్ళి పిడి మీదకి వంగాడు.

"ఆకుపచ్చ మూత డబ్బా. రెండు ముడులుండాలి. ఒకటే ఉంది. ఇదీ జరిగింది. మూతలెవరూ మార్చలేదు, మళ్ళీ సరిచెయ్యనూ లేదు. దారం ఒక్కటీ మార్చారు. ముడులు తడిసి బిగిసిపోతాయి కదా, విప్పడం కుదరదు. పాత దారం కోసేసి, కొత్తది ఒక ముడితో కట్టి, డబ్బాని తొట్టి పక్కన పెట్టి వెళ్ళిపోయారు. మిగతా పని ముసలాయన చేతులే చేశాయి. కాబట్టి ఈవిడ తర్వాతొచ్చి సరిచేసిందన్న మీ కథ గాల్లో కలిసింది."

ఇన్‌స్పెక్టర్ మూతి బిగించాడు. "అయితే ముందే వచ్చి దారం మార్చింది. నిన్న సాయంత్రం ఆరింటికి తండ్రికి మందులివ్వడానికి వచ్చింది కదా."

"స్టోర్‌కీపర్‌గారూ, ఇవాళ పొద్దున సరుకు ఎప్పుడు చూసుకున్నారు?"

"తొమ్మిదింటికి. బావా నేనూ. బావ ఒక్కో డబ్బా ముట్టుకుంటూ చెప్పాడు, నేను రాసుకున్నాను. ఎర్రవి ఆరు, ఆకుపచ్చవి ఎనిమిది. నేనూ చూశాను, సరిగ్గానే ఉన్నాయి."

"ఆయన చెప్పింది ముడులు తడిమి. లెక్క సరిపోయింది కాబట్టి తొమ్మిదింటికి ముడులన్నీ సరిగ్గానే ఉన్నాయి. తర్వాత గది ఎప్పుడు ఖాళీగా ఉంది?"

"పదింటికి బాయిలర్ చూసొస్తానని వెళ్ళాడు. పదీ ఇరవైకి తిరిగొచ్చాడు."

"ఆ ఇరవై నిమిషాల్లో జరిగింది. అప్పుడీవిడ ఆస్పత్రి వార్డులో ఉంది. పదిన్నరకి డ్యూటీ దిగినట్టు రిజిస్టర్లో సంతకం ఉంది, నేను ఫోన్ చేసి కనుక్కున్నాను." పావుగంట ఇన్‌స్పెక్టర్ కళ్ళలోకి సూటిగా చూశాడు. "జీపుని వెనక్కి పంపించెయ్యండి."

నర్సు ఒక్కసారిగా ఊపిరి వదిలింది. పొద్దున్నుంచీ మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు తండ్రి కోసం.

అక్కడితో పావుగంట నోరు కట్టేసుకుని ఉంటే బాగుండేది. తర్వాత చాలా రోజులు అతను తన్ను తాను ఆ ఒక్క విషయానికే తిట్టుకున్నాడు.

*

"స్టోర్‌కీపర్‌గారూ, ఇలా రండి. ఈ దారం ఒకసారి చూడండి," అన్నాడు.

స్టోర్‌కీపర్ వంగి చూశాడు. చూడగానే కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదేంటి? మిగతావన్నీ ఆకుపచ్చగా ఉంటే ఇదొక్కటీ ఇటుకరంగులో ఉందేంటి?"

పావుగంట తల పంకించాడు. మనసులో ఒక అనుమానాన్ని కొట్టేశాడు. తండ్రి టమాటాల కథ విన్నప్పుడు ఇతని మీదే పడింది ఆ అనుమానం. కానీ తండ్రి కళ్ళ లోపం కొడుక్కి రాదు. తండ్రి తన చీటీ కూతుళ్ళకే ఇస్తాడు, కొడుకులకి ఇవ్వడు. ఇతనికి చూపు తల్లి దగ్గర్నుంచి వచ్చింది, అది నిక్షేపంలా ఉంది.

"పదమూడు దారాలు ఒక రంగు, ఒకటి వేరే రంగు," అన్నాడు పావుగంట జేబులోంచి చిన్న కత్తెర తీస్తూ. "మేస్త్రికి తేడా తెలీలేదు, సరే. మరి కట్టినవాడి సంగతేంటి? ఇంత జాగ్రత్తగా పథకం వేసినవాడు అదే రంగు దారం వెతుక్కోడా? ఈ కార్ఖానాలో దారానికి కరువా? వెతుక్కున్నాడు. అదే రంగనుకునే కట్టాడు." దారం కత్తిరించి ఒక కవర్లో వేసి తొట్టి గట్టు మీద పెట్టాడు. "హంతకుడికి కూడా ఎరుపూ ఆకుపచ్చా ఒకటే."

ఇన్‌స్పెక్టర్ ముఖం వెలిగిపోయింది. అతను నవ్వడం పావుగంట చూడటం అదే మొదలు.

"నా పని మీరే చేసిపెట్టారు! ఈ కార్ఖానాలో రంగులు తెలీని మనుషులు ఇద్దరు. ఒకరు పోయారు. రెండో మనిషి ఇదిగో, ఇక్కడే నిలబడుంది. ఉరితాడు మీరే పేని నా చేతికిచ్చారు కదండీ!"

"ఆవిడ వార్డులో ఉంది."

"అయితే ఇంకెవరు? గాల్లోంచి ఊడిపడ్డారా?"

"పొద్దున ఇక్కడెవరెవరున్నారు?" పావుగంట స్టోర్‌కీపర్‌ని అడిగాడు.

"బావ, నేను, బావ మనవడు. అంతే. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవర్నీ రానివ్వలేదు. మనవడు కూడా పదింపావుకి ఇంటికెళ్ళిపోయాడు. పాపం వాడి మనసు బాలేదు. చదువు మానేసి మూడేళ్ళు తాత వెనకే తిరిగాడు, డబ్బాలు దిగేటప్పుడు కూడా పక్కనే ఉండేవాడు, తర్వాత మేస్త్రి నేనే అనుకున్నాడు. పోయినవారం బావ వాణ్ణి పిలిచి ఈ పని నీకొద్దు, బయటి మనిషిని పెడుతున్నాను అన్నాడు. ఎందుకో చెప్పలేదు. వాడు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. అందరూ నవ్వుతున్నారు తాతయ్యా అని నా దగ్గరే ఏడ్చాడు."

"అతన్ని కూడా పిలిపించండి. ఊరికే, నాలుగు మాటలు అడగాలి," అన్నాడు పావుగంట కానిస్టేబుల్‌తో. నిజంగానే ఊరికే అన్నాడు. అతని బుర్ర ఇంకా చీటీల మధ్యే తిరుగుతోంది. కానిస్టేబుల్ వెళ్ళాడు.

"చూడండి ఇన్‌స్పెక్టర్‌గారూ, ఇది గాల్లోంచి ఊడిపడే సంగతి కాదు. రక్తంలో నడిచే సంగతి. దానికి దారి ఉంది. తండ్రి నుంచి కొడుక్కి రాదు, అందుకే మేనమామగారు బయటపడ్డారు. తండ్రి నుంచి ప్రతి కూతురికీ వెళ్తుంది, అందుకే ఈవిడకొచ్చింది. ఇక ఆడమనిషికి రెండు చీటీలూ పాడై ఉంటే ఆవిడ దగ్గర ఇవ్వడానికి మంచిదంటూ ఉండదు. కాబట్టి ఆవిడకి పుట్టిన ప్రతి కొడుక్కీ..."

మాట అక్కడే ఆగిపోయింది.

అతను ఏ మాట దగ్గర ఆగాడో నర్సు కూడా ఆ మాట దగ్గరే ఉంది. ముందు ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు. తర్వాత పెదవులు తెల్లబడ్డాయి. పద్దెనిమిదేళ్ళు రోగుల పక్కన నిలబడిన మనిషి. లెక్క అర్థం కావడానికి ఆమెకు మళ్ళీ చెప్పనక్కర్లేదు. తాత ఎందుకు వద్దన్నాడో, తన కొడుకు పదింపావుకి ఎందుకు ఇంటికెళ్ళాడో, మధ్యాహ్నం శవాన్ని చూడ్డానికొచ్చినప్పుడు వాడు తన కళ్ళలోకి ఎందుకు చూడలేదో ఒక్కసారే ఆమె మీద పడ్డాయి. ఆమెను కాపాడే తొందరలో ఆమె కొడుకుని తన నోటితో తనే పట్టిచ్చాడు.

"ప్రతి కొడుక్కీ ఏంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏం లేదు," అన్నాడు పావుగంట. ఆ మనిషికి అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

ఆమె రెండడుగుల్లో తొట్టి దగ్గరికొచ్చింది. గట్టు మీది కవరు తీసింది. అందులో దారం తీసి, పక్కకి పడున్న డబ్బాలో మిగిలిన బ్లీచింగ్ ద్రవంలో ముంచి, అలాగే వేళ్ళతో నులిమి పట్టుకుంది. పావుగంట ఆమె చెయ్యి లాగేసరికే ఇటుకరంగు నీరుకారిపోయింది. వేళ్ళ మధ్య వెలిసిన నూలుపోగు ఒకటి మిగిలింది. ఆమె వేళ్ళు ఎర్రగా కమిలిపోయాయి. ఆ ఎరుపు ఆమెకు కనపడదు, మంట మాత్రం తెలిసే ఉండాలి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నేనే చేశాను," అంది ఇన్‌స్పెక్టర్‌తో.

"తల్లీ!" అని అరిచాడు స్టోర్‌కీపర్.

"నువ్వాగు మామయ్యా. పదింటికి నేనే వచ్చాను. వెనక గేటు తాళంచెవి నాన్న దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉంటాయి. దారం కట్టి వెళ్ళిపోయాను. ఆస్పత్రి నుంచి ఇక్కడికి పది నిమిషాల నడక."

"అబద్ధం," అన్నాడు పావుగంట. "వార్డు రిజిస్టర్లో..."

"ఆ సంతకం పొద్దున్నే పెట్టేశాను. మా వార్డులో అందరూ అలాగే పెడతారు. వెళ్ళి అడగండి, ఎవరూ కాదనరు."

"ముడుల సంగతి మీకు తెలీదు! ఇందాకే కదా, నాన్నకి కూడానా అని అడిగారు!"

"నటించాను." ఆమె అతని వైపు తిరగలేదు.

పావుగంట ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకున్నాడు. "ఆ దారం రంగు మీరు చూశారు. ఈవిడ ఎందుకు పాడుచేసిందో ఒక్క నిమిషం ఆలోచించండి."

"నేనేం చూడలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ చెయ్యి విడిపించుకుంటూ. "దారాలు మా పంచనామాలో లేవు. మీ చీటీల లెక్కలు కోర్టులో చెప్పుకోండి. నేరం ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉంటే నాకు నూలుపోగులతో పనేంటి?" బేడీలు తీశాడు. అప్పటికి మూడూ నలభై ఐదు. జీపు కూడా ముందే వచ్చేసింది, బయట హారను కొట్టింది.

బేడీలు పడేటప్పుడు ఆమె పావుగంటతో అతనికొక్కడికే వినిపించేలా అంది. "వాడికి ఆ కళ్ళు నేనిచ్చినవే కదండీ. నాకు తెలిసుంటే మొదట్లోనే మాన్పించేదాన్ని. మీరింకేం మాట్లాడొద్దు. మీకు దణ్ణం పెడతాను." దణ్ణం పెట్టడానికి చేతులు కలవలేదు, గొలుసు అడ్డొచ్చింది.

పావుగంట కింద పడున్న ఖాళీ కవరు తీసి జేబులో పెట్టుకున్నాడు.

తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. కానిస్టేబుల్ వెనకాల మనవడు వచ్చి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళవాడు, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "పిలిచారట," అన్నాడు.

అతని చూపు గదంతా తిరిగింది. అమ్మ చేతులకు బేడీలు ఉన్నాయి. అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత దొర్లిపడున్న డబ్బా వైపు జారి, దారం లేని ఆ పిడి మీద నిలిచిపోయింది.

"నిన్ను పిలిచిన పని అయిపోయింది," అంది తల్లి. ఆమె గొంతులో బెరుకు లేదు. ఏ సాయంత్రమైనా అలాగే మాట్లాడుతుందేమో. "నువ్వు ఇంటికెళ్ళు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. మామయ్య తర్వాతొస్తాడు."

పావుగంట ఎదురు చూశాడు. ఎందుకమ్మా అని వాడు ఒక్క మాట అడుగుతాడని, అడిగితే తన లెక్కంతా తప్పేమోనని, లేదా కనీసం ఏడుస్తాడని. తన లెక్క తప్పు కావాలని అతను కోరుకోవడం కూడా అదే మొదటిసారి.

"సరేనమ్మా," అన్నాడు వాడు.

తిరిగి వెళ్ళిపోయాడు. నడవలో చెప్పుల చప్పుడు, తర్వాత ఆవరణలో కంకర మీద, తర్వాత గేటు కీచుమన్న శబ్దం వినిపించాయి. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. ఇన్‌స్పెక్టర్ పదమన్నా ఆమె కదలకుండా ఆ చప్పుడు వినిపించినంతసేపూ అటే చెవి పెట్టి నిలబడింది.